చందమామకీ సూర్యుడు అంతే దూరం

మా మామ ఫ్యామిలీ గ్రూపులో రోజూ పెట్టే గుడ్ మార్నింగుల మధ్య ఏడాదికి రెండు మూడుసార్లు ఒక ఫార్వర్డ్ తప్పకుండా వచ్చి పడుతుంది. భూమి సూర్యుడి వైపు పది అడుగులు జరిగితే మాడి మసైపోతామట, పది అడుగులు వెనక్కి జరిగితే గడ్డకట్టుకుపోతామట, ఇంత కచ్చితంగా ఎవరు కొలిచి పెట్టారో ఆలోచించండి అని, కింద చేతులు జోడించిన బొమ్మలు ఒక పది. ఈసారి జనవరి మొదటి వారంలో వచ్చింది. ధనుర్మాసం, తిరుపతిలో తెల్లవారుజామున చలి, కొండ కనపడనంత మంచు, నేను మఫ్లర్ చుట్టుకుని మేడ మీద టీ తాగుతూ చూశాను దాన్ని. నవ్వొచ్చింది. ఎందుకంటే ఏడాది మొత్తం మీద భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది సరిగ్గా ఆ వారమే.

జనవరి 3, 4 తేదీల ప్రాంతంలో మనకీ సూర్యుడికీ మధ్య సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్లు ఉంటుంది. జులై మొదటి వారానికి అది 15 కోట్ల 21 లక్షలు అవుతుంది. అంటే పది అడుగుల సంగతి దేవుడెరుగు, ఏటా యాభై లక్షల కిలోమీటర్లు దగ్గరికి వెళ్లి మళ్లీ దూరం వస్తున్నాం, ఆ లెక్కన జులైలో కంటే జనవరిలో భూమి మొత్తం మీద పడే ఎండ దాదాపు 7 శాతం ఎక్కువ, అయినా సరే జనవరిలోనే రగ్గులు కప్పుకుంటున్నాం. చలికాలం, ఎండాకాలం భూమి 23.4 డిగ్రీలు వాలి తిరగడం వల్ల వచ్చేవి. ఆ నెలల్లో మనవైపు సగం సూర్యుడికి అవతలి పక్కకు ఒరిగి ఉంటుంది, అంతే.

ఫోన్ చేసి ఇదే చెప్పాను. మామ చిత్తూరు పక్కన తోతాపురి తోట పెట్టుకున్న మనిషి, ఎండా వానా లెక్కలు నాకంటే బాగా తెలుసు. కాసేపు విని, "ఒరే అబ్బోడా, అట్లయితే దూరానికి లెక్కే లేదంటావా?" అన్నాడు.

లెక్క ఉంది మామా. కాకపోతే అది సగం లెక్క. మిగతా సగం చెప్పడానికి ఫోన్ చాల్లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

దూరం ఒక్కటే సరిపోయే మాటయితే చందమామ మీద కూడా వరి పండాలి. చందమామ మన చుట్టూ తిరుగుతూ మనతో పాటే సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాడు, మనకీ ఆయనకీ మధ్య ఉన్న 3 లక్షల 84 వేల కిలోమీటర్లు పదిహేను కోట్ల ముందు ఏ మూలకి? చందమామకీ సూర్యుడు అంతే దూరం. మరి అక్కడి సంగతి చూడండి. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి, అంటే జిల్లాలు విడగొట్టాక ఇప్పుడు మన తిరుపతి జిల్లా నుంచే, చంద్రయాన్-3 లేచింది. ఆగస్టు 23న దిగింది. దిగాక అందులో చాస్టే అనే పరికరం మట్టిలోకి సూదిలాంటి గొట్టాన్ని దించి వేడి కొలిచింది. పైన దాదాపు 50 డిగ్రీలు. ఎనిమిది సెంటీమీటర్ల లోపల మైనస్ 10. ఎనిమిది సెంటీమీటర్లంటే మన అరచేతి వెడల్పు. అంతలో అరవై డిగ్రీల తేడా! అది కూడా ఎండ ఏటవాలుగా పడే దక్షిణ ధ్రువం దాపున. నడినెత్తిన ఎండ పడే చోటయితే పగలు 120 డిగ్రీలు, రాత్రి మైనస్ 130 కంటే కిందికి. వేడిని పట్టి ఉంచడానికి గాలి లేదు, ఒక చోటి వేడిని ఇంకో చోటికి మోయడానికి నీళ్లు లేవు.

ఇంకో జత కూడా ఉంది, ఇది నాకు మరీ ఇష్టం. సూర్యుడికి అందరికంటే దగ్గర బుధుడు, 5 కోట్ల 80 లక్షల కిలోమీటర్లు. శుక్రుడు దానికి దాదాపు రెట్టింపు దూరం, 10 కోట్ల 80 లక్షలు. ఏది ఎక్కువ వేడి? శుక్రుడే. బుధుడి మీద పగలు 430 డిగ్రీల దాకా పోయి రాత్రికి మైనస్ 180కి పడిపోతుంది, శుక్రుడి మీద పగలూ రాత్రీ ఒకటే, 460 పైన, సీసం కరిగి కారేంత. కారణం దాని గాలి. 96 శాతం బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్), మన నేల మీద ఉండే గాలి ఒత్తిడికి తొంభై రెట్లు.

శాస్త్రవేత్తలు జీవయోగ్య మండలం అనే మాట వాడతారు, పేపర్లలో గోల్డిలాక్స్ జోన్ అని వస్తుంటుంది. నక్షత్రం నుంచి ఎంత దూరంలో ఉంటే గ్రహం మీద నీళ్లు నీళ్లుగా ఉండే అవకాశం ఉందో ఆ పట్టీ అన్నమాట. "అవకాశం" అనే ముక్కని పేపరోళ్లు మింగేస్తారు. కొన్ని లెక్కల ప్రకారం కుజుడు కూడా ఆ మండలం లోపలే ఉన్నాడు, ఉండి ఏం ప్రయోజనం, సగటున మైనస్ 60 డిగ్రీలు, గాలి మన దాంట్లో నూరో వంతు కూడా లేదు. 2016లో, సూర్యుణ్ణి పక్కన పెడితే మనకి అన్నిటికంటే దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా చుట్టూ ఇలాంటి మండలంలోనే ఒక గ్రహం దొరికింది, "మరో భూమి" అని హెడ్డింగులు పెట్టారు, ఆ నక్షత్రం ఉండుండి బుస్సుమని మంటలు ఎగజిమ్ముతుందన్న సంగతి కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో.

కాబట్టి దూరం అనేది మంచి సెంటర్లో ప్లాటు దొరకడం లాంటిది. ప్లాటు దొరికితే ఇల్లు వచ్చేసినట్టు కాదు.

ఇల్లు అన్నాక ముందు సైజు. గ్రహం చిన్నదైతే గాలిని పట్టుకునే శక్తి ఉండదు, పైగా లోపలి వేడి తొందరగా ఆరిపోతుంది. చిన్న గిన్నెలో సాంబారు ముందు చల్లారినట్టు. కుజుడి బరువు భూమిలో పదో వంతే. అక్కడా ఒకప్పుడు ఏరులు పారాయి, ఎండిపోయిన వాగుల గుర్తులు ఇప్పటికీ ఫొటోల్లో కనిపిస్తాయి, కానీ లోపలి వేడి తగ్గి, అయస్కాంత క్షేత్రం పోయి, గాలి మెల్లగా అంతరిక్షంలోకి జారుకుంది. భూమికి ఆ సమస్య రాలేదు. లోపల యురేనియం, థోరియం, పొటాషియం పరమాణువులు మెల్లగా విచ్ఛిన్నమవుతూ ఇప్పటికీ వేడి పుట్టిస్తున్నాయి. చిత్తూరు జిల్లా గ్రానైట్ క్వారీల్లో కోసే రాళ్లలో కూడా ఇవి కొద్దికొద్దిగా ఉంటాయి, భయపడేంత కాదు. ఆ లోపలి వేడి ఎందుకు అవసరమో కాసేపట్లో వస్తుంది.

తర్వాత గాలి. పంచభూత క్షేత్రాల్లో వాయువు మన శ్రీకాళహస్తికే దక్కింది కాబట్టి దీన్ని కొంచెం గౌరవంగా మాట్లాడుకోవాలి. గాల్లో 78 శాతం నత్రజని, 21 శాతం ఆక్సిజన్, ఈ రెండూ వేడిని పట్టుకునే పనికి రావు. ఆ పని చేసేది నీటి ఆవిరి, ఇంకా 0.04 శాతం ఉన్న బొగ్గుపులుసు వాయువు. ఇవే లేకపోతే భూమి సగటు వేడి మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండేది. ఇవి ఉండబట్టి 15. అంటే పదివేలలో నాలుగు వంతుల గాలి మన బతుకులో ఇంత పెద్ద వాటా పెట్టుకుంది. వద్దనుకుంటే మంచు, ఎక్కువనుకుంటే శుక్రుడు.

మరి ఇన్ని కోట్ల ఏళ్లుగా అది ఎక్కువా కాకుండా తక్కువా కాకుండా ఎలా ఉంది? అసలు ప్రశ్న ఇదే, ఎందుకంటే సూర్యుడు కూడా ఎప్పుడూ ఒకేలా లేడు. భూమి పుట్టిన 454 కోట్ల ఏళ్ల కిందట ఇప్పటికంటే 30 శాతం తక్కువగా వెలిగేవాడు. ఆ ఎండకి ఇప్పటి గాలే ఉండుంటే సముద్రాలు రాయిలా గడ్డకట్టాలి. కానీ ఆ రోజుల్లోనూ నీళ్లు పారిన గుర్తులు రాళ్లలో ఉన్నాయి. సూర్యుడు మెల్లగా వెలుగు పెంచుకుంటూ వచ్చాడు, భూమి మెల్లగా ఈ వాయువు దుప్పటి పల్చన చేసుకుంటూ వచ్చింది. ఎవరు చెప్పారు దానికి?

జవాబు మా ఇంటి బాత్రూంలో ఉంది. నిజంగా. మా బోరు నీళ్లు ఉప్పునీళ్లు, తిరుపతిలో చాలా వీధుల్లో ఇదే గోల, హీటర్ రాడ్ కొన్న ఆర్నెల్లకే తెల్లటి పొర కట్టి వేలంత లావు అవుతుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో కొడితే పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. ఒక పెచ్చు తీసి దాని మీద నిమ్మకాయ పిండండి. బుసబుసమని నురగ వస్తుంది. ఆ బుడగల్లో ఉన్నది బొగ్గుపులుసు వాయువు. రాయిలోకి గాలి ఎలా వచ్చింది?

వాన పడేటప్పుడు గాల్లోని ఆ వాయువు కొంచెం చినుకులో కరుగుతుంది, మట్టిలో ఇంకేటప్పుడు వేర్ల దగ్గర ఇంకొంచెం కలుస్తుంది, దాంతో నీళ్లు చాలా పల్చటి యాసిడ్‌గా మారతాయి. సోడా ఉంది కదా, అదే, కాకపోతే బాగా నీళ్లు కలిపింది. ఆ నీళ్లు మన గ్రానైట్ గుండ్లను కోట్ల ఏళ్లుగా నాకుతూనే ఉన్నాయి. పలమనేరు, మదనపల్లె దారుల్లో ఏనుగుల మంద పడుకున్నట్టు కనిపించే గుండ్లన్నీ అలా అంచులు అరిగి నున్నబడినవే, వాటి కింద పొలాల్లో ఉన్న ఎర్రమట్టి కూడా వాటి పొట్టే. రాయి అరిగినప్పుడు అందులోని కాల్షియం నీళ్లలోకి వస్తుంది, వాయువుతో కలిసి కరిగిన ఉప్పులా బోర్లలోకో స్వర్ణముఖిలోకో అక్కడి నుంచి సముద్రంలోకో పోతుంది. సముద్రంలో గవ్వలూ పగడాలూ కంటికి కనపడని జీవులూ దాన్ని తీసుకుని పెంకులు కట్టుకుంటాయి, చచ్చి అడుగున పడతాయి, పొరలు పొరలుగా సున్నపురాయి అవుతుంది. మా బాత్రూంలో పెంకు కట్టే జీవి లేదు కాబట్టి ఆ పని హీటర్ చేసింది. కరిగి ఉన్న వాయువులో సగం గాల్లోకి పోయింది, సగం రాయిగా రాడ్‌కి అంటుకుంది. సముద్రం అడుగున జరిగేదీ అదే లెక్క.

చాలా ఇళ్లలో వంటగది గట్టు కడప బండ. నిమ్మరసం ఒలికి తుడవకపోతే మచ్చ పడి తిట్లు తినని ఇల్లు ఉండదు. ఆ బండ కూడా సున్నపురాయి జాతే. శుద్ధమైన సున్నపురాయి నూరు కిలోలు తీసుకుంటే అందులో 44 కిలోలు ఒకప్పుడు గాల్లో ఉండగల బొగ్గుపులుసు వాయువే. భూమ్మీది సున్నపురాళ్లన్నిటినీ ఒక్కసారిగా కాల్చి ఆ వాయువంతా బయటికి వదిలితే దాదాపు శుక్రుడి మీద ఉన్నంత గాలి మన నెత్తిన ఉంటుంది. అంటే శుక్రుడి దగ్గర ఉన్న సరుకే మన దగ్గరా ఉంది. వాళ్లది గాల్లో, మనది బండల్లో.

సరే, వాన ఇలా తీసుకుంటూ పోతే ఒక రోజుకి గాల్లో మొత్తం అయిపోవాలి కదా? ఇక్కడ లోపలి వేడి పనికొస్తుంది. భూమి పైపొర ముక్కలు ముక్కలుగా ఉండి మెల్లగా కదులుతుంది, సముద్రం అడుగు పలకలు ఖండాల కిందికి దూరుతాయి, వాటితో పాటు ఆ సున్నపురాయి కూడా లోపలికి పోయి కాగుతుంది. రాడ్ పెచ్చు మీద నిమ్మకాయ చేసిన పని అక్కడ వేడి చేస్తుంది. వాయువు విడిపోయి అగ్నిపర్వతాల నోటి నుంచి మళ్లీ గాల్లో కలుస్తుంది. ఇప్పుడు మొత్తం చూడండి. భూమి వేడెక్కితే వానలు పెరుగుతాయి, రాళ్లు తొందరగా అరుగుతాయి, వాయువు తగ్గి చల్లబడుతుంది. చల్లబడితే వానలు తగ్గి అరుగుదల మందగిస్తుంది, అగ్నిపర్వతాలు మాత్రం తమ పాటికి తాము ఊదుతూనే ఉంటాయి, వాయువు పేరుకుని మళ్లీ వేడెక్కుతుంది. ఇస్త్రీపెట్టెలో థర్మోస్టాట్ చేసే పని ఇదే.

ఈ థర్మోస్టాట్ ఎప్పుడూ సాఫీగా పని చేసిందనుకోకండి. 70 కోట్ల ఏళ్ల కిందటి కాలంలో భూమి దాదాపు మొత్తం మంచుతో మూసుకుపోయింది, భూమధ్యరేఖ దాకా హిమానీనదాలు వచ్చిన ఆనవాళ్లు ఉన్నాయి. అప్పుడు కాపాడిందీ ఇదే, మంచు కింద రాళ్లు అరగడం ఆగిపోయింది, అగ్నిపర్వతాలు ఆగలేదు, లక్షల ఏళ్లు పోగుపడిన వాయువు చివరికి మంచుని కరిగించింది. లక్షల ఏళ్లు అన్న మాట గుర్తుంచుకోండి. మనం ఇప్పుడు రెండు వందల ఏళ్లలో గాల్లోని ఈ వాయువుని పది లక్షల్లో 280 పాళ్ల నుంచి 420 పైకి తెచ్చాం, "భూమే సర్దుకుంటుందిలే" అనేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు, సర్దుకుంటుంది, మన ముప్పైవేల తరాల తర్వాత.

థర్మోస్టాట్‌కి నీళ్లు కావాలి. వాన లేనిదే ఈ వ్యవహారం నడవదు. మరి నీళ్లు ఎందుకు మిగిలాయి మన దగ్గర? శుక్రుడి దగ్గరా ఒకప్పుడు నీళ్లు ఉండేవనడానికి గట్టి ఆధారం ఉంది, ఇప్పుడు చుక్క లేదు. దీనికి జవాబు చాలామందికి తెలియదు, ఆ జవాబుని రోజూ కొలిచే చోటు మాత్రం మనకి దగ్గర్లోనే ఉంది.

తిరుపతి నుంచి చిత్తూరు పోయే వైపు, పాకాల దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ అంటే గుండ్రంగా తిరిగే డిష్ కాదు, పాతకాలం ఇళ్ల మీద దూరదర్శన్ కోసం పెట్టుకున్న యాంటెనాల్లాంటివి 1024, నారుమడిలా వరసలుగా నిలబెట్టి ఉంటాయి, 130 మీటర్ల పొడవు 130 మీటర్ల వెడల్పు నేలలో. అవి నేరుగా పైకి తరంగాలు పంపి గాలి పొరల కదలికలు పసిగడతాయి. బెలూన్లు కూడా వదులుతారు. ఆ బెలూన్ పైకి పోయేకొద్దీ చలి పెరుగుతుంది, మన ప్రాంతం మీద 16, 17 కిలోమీటర్ల ఎత్తుకి చేరేసరికి మైనస్ 80 డిగ్రీల దాకా పోతుంది. ఇంకా పైకి పోతే మళ్లీ వేడి పెరుగుతుంది. అంటే మన నెత్తి మీద, మే నెల ఎండలో కూడా, డీప్ ఫ్రీజర్ కంటే చల్లటి పొర ఒకటి పరిచి ఉంది.

అన్నం ఉడికేటప్పుడు మూత తీసి చూస్తే లోపలి వైపు చుక్కలు చుక్కలుగా నీళ్లు అంటుకుని ఉంటాయి కదా. ఆవిరి పైకి పోవాలని చూసింది, మూత చల్లగా తగిలింది, నీళ్లయి మళ్లీ గిన్నెలోనే పడింది. ఆ చల్లటి పొర భూమికి మూత. సముద్రం మీద నుంచి లేచిన ఆవిరి అక్కడికి చేరేలోపే గడ్డకట్టి మంచు పలుకులై కిందికి వచ్చేస్తుంది. నేల దగ్గర గాల్లో నూటికి రెండు మూడు పాళ్లు ఉండే ఆవిరి ఆ మూత దాటాక పది లక్షల్లో నాలుగైదు పాళ్లకి పడిపోతుంది. ఇది ఎందుకు ముఖ్యమంటే, ఆవిరి బాగా పైకి చేరితే అక్కడి అతినీలలోహిత కిరణాలు దాన్ని చీలుస్తాయి, విడిపోయిన హైడ్రోజన్ మరీ తేలిక కాబట్టి అంతరిక్షంలోకి పారిపోతుంది, పోయిన హైడ్రోజన్ తిరిగి రాదు, హైడ్రోజన్ లేనిదే నీళ్లు లేవు. శుక్రుడి మీద వేడెక్కి మూత ఊడింది. సాక్ష్యం ఏమిటంటే, హైడ్రోజన్‌లో బరువైన రకం ఒకటి ఉంటుంది, అది అంత సులువుగా పారిపోలేదు, 1978లో అక్కడికి వెళ్లిన పయనీర్ వీనస్ కొలతల్లో ఆ బరువైన రకం వాటా మన దగ్గరికంటే నూరు రెట్లకు పైగా తేలింది. తేలికది అంతా ఎగిరిపోతే మిగిలిన తాలు అది. మామకి ఈ ముక్క చెప్పినప్పుడు తూర్పారబట్టడం తలకిందులైనట్టుందే అన్నాడు. అవును, ఇక్కడ గింజ ఎగిరిపోయి తాలు మిగిలింది.

కొన్ని సంగతులు తొందరగా దాటేస్తాను. నీళ్లు గడ్డకడితే తేలతాయి, అందుకే చెరువులు పైనుంచి గడ్డకట్టి కింద చేపలు బతుకుతాయి. నీళ్లు వేడిని నిదానంగా తీసుకుని నిదానంగా వదులుతాయి, మే నెలలో తిరుపతి కాగిపోతుంటే సూళ్లూరుపేట వైపు సాయంత్రానికి సముద్రపు గాలి తిరగడం ఆ గుణం వల్లే. చందమామ ఆకర్షణ మన వాలుని పెద్దగా ఊగిపోకుండా పట్టి ఉంచుతోంది, అందుకే ఋతువులు ఒక దారిలో ఉన్నాయి. అయస్కాంత క్షేత్రం సంగతికి వస్తే, అది సౌరగాలి నుంచి, అంటే సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాల నుంచి కాపాడే కవచం అని అందరూ రాస్తారు, నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను, కానీ శుక్రుడికి సొంత అయస్కాంత క్షేత్రం లేదు, గాలి మాత్రం మనకి తొంభై రెట్లుంది, కాబట్టి ఈ కవచం మాట మీద ఇంకా వాదన నడుస్తోంది. గురుగ్రహం మనకి అడ్డంగా నిలబడి ఉల్కల్ని మింగేస్తోందనే కథ కూడా అంతే, కొన్నిటిని మింగుతుంది, కొన్నిటిని మన మీదికే తోస్తుంది. నేనైతే ఈ రెండిటినీ జాబితాలో చివరన పెడతాను.

ఇప్పటిదాకా చెప్పిందంతా జీవం కోసం ఇల్లు ఎలా సిద్ధమైందన్నట్టు ఉంది. ఫార్వర్డ్ చెప్పేదీ అదే, అన్నీ అమర్చి పెట్టాక మనం వచ్చి చేరామని. ఇక్కడే నాకు పేచీ.

తిరుమల ఘాట్ రోడ్డులో బస్సెక్కిన ప్రతిసారీ కిటికీ సీటు కోసం చూస్తాను, ఈసారి మీరూ చూడండి. ఘాట్ రోడ్డు దాకా కూడా అక్కర్లేదు, తిరుపతిలో ఏ మేడ ఎక్కినా కొండ ఆకారం రెండు ముక్కలుగా ఉందని తెలుస్తుంది. కింద సగం చెట్లూ గుండ్లూ కలిసి వాలుగా పైకి పోతుంది, పైన సగం గోడ కట్టినట్టు నిటారుగా, అడ్డం గీతలతో, ఇటుక వరసల్లా ఉంటుంది. కిందిది గ్రానైట్, సుమారు 250 కోట్ల ఏళ్లది. పైది క్వార్జైట్, ఒకప్పుడు నీళ్లలో పొరలు పొరలుగా చేరిన ఇసుక గట్టిపడి రాయైంది, దాని వయసు సుమారు 160 కోట్ల ఏళ్లని చెబుతారు. ఈ రెండూ కలిసే చోట గీత గీసినట్టు ఉంటుంది. దాన్ని భూగర్భ శాస్త్రవేత్తలు ఎపార్కియన్ అన్‌కన్‌ఫర్మిటీ అంటారు, దేశంలోని జాతీయ భూవారసత్వ స్థలాల్లో అదొకటి. కింది రాయి మీద చెయ్యి పెట్టి, జానెడు పైకి జరిపి పై రాయి మీద పెడితే, ఆ జానెడులో కొన్ని పదుల కోట్ల ఏళ్లు దాటేస్తారు. మధ్యలో జరిగిందంతా కొట్టుకుపోయింది, పుస్తకంలో పేజీలు చించేసినట్టు.

ఆ చిరిగిన పేజీల్లోనే భూమి చరిత్రలో అన్నిటికంటే పెద్ద మార్పు ఉంది. కింది గ్రానైట్ పుట్టిన రోజుల్లో గాల్లో ఆక్సిజన్ లేనట్టే లెక్క. మీరూ నేనూ ఆ భూమ్మీద దిగితే నాలుగు నిమిషాలు బతకం. జీవం అప్పటికే ఉంది, 350 కోట్ల ఏళ్ల నుంచే ఉంది, కంటికి కనపడని సూక్ష్మజీవులుగా. వాటిలో సయనోబాక్టీరియా అనే రకం, చెరువుల్లో పాచిలాంటిది, ఎండని వాడుకుని తిండి వండుకోవడం నేర్చింది, వండుకోగా మిగిలిన పొగలాంటి వ్యర్థం ఆక్సిజన్. మొదట్లో అది గాల్లోకి రాలేదు, సముద్రంలో కరిగి ఉన్న ఇనుముకి తగిలి తుప్పై అడుగున పడింది, బళ్లారిలో తవ్వి పోసిన ఎర్రటి ఖనిజం లాంటివి ఆ కాలం నాటి పొరలే. ఇనుము తగ్గాక, ఇప్పటికి 240 కోట్ల ఏళ్ల కిందటి నుంచి, ఆక్సిజన్ గాల్లో మిగలడం మొదలైంది. పై క్వార్జైట్‌గా మారిన ఇసుక పేరుకునే నాటికి భూమి గాలే వేరు. మన కొండ మీద కింది రాయి ఒక లోకానిది, పై రాయి ఇంకో లోకానిది. ఈ పాచి కట్టుకున్న ఇళ్లు చూడాలంటే ఎంతో దూరం పోనక్కర్లేదు, కడప జిల్లా వేంపల్లె పేరుతోనే పిలిచే సున్నపురాతి పొరల్లో క్యాబేజీని అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా ఉంటాయి. స్ట్రొమటోలైట్లు అంటారు వాటిని.

అప్పటి జీవులకి ఆక్సిజన్ విషం. చాలా రకాలు తుడిచిపెట్టుకుపోయి ఉంటాయి, మిగిలినవి బురదల్లోకీ, ఇప్పుడు మన పేగుల్లోకీ దాక్కున్నాయి. కానీ ఆ విషమే పైకి పోయి ఓజోన్ పొరైంది, ఓజోన్ వచ్చాకే నీళ్లు వదిలి నేల మీదికి రావడానికి వీలైంది, మొక్కలు నేలకెక్కి యాభై కోట్ల ఏళ్లు కూడా కాలేదు. వచ్చిన మొక్కలు వేర్లతో రాళ్లు చీల్చి అరుగుదల పెంచాయి, అంటే థర్మోస్టాట్‌ని కూడా ముట్టుకున్నాయి. ఇప్పుడు ఆక్సిజన్ 21 శాతం. 15, 16కి తగ్గితే అగ్గిపుల్ల వెలగదు. బాగా పెరిగితే పచ్చి అడవులే అంటుకుంటాయి. 21 శాతంతోనే 2014 మార్చిలో శేషాచలం అడవులు తగలబడినప్పుడు హెలికాప్టర్లతో నీళ్లు చల్లాల్సి వచ్చింది.

కాబట్టి మామా, భూమి జీవానికి అనువుగా ఉంది అనే మాట సగం తిరగేసి చెప్పాలి. ప్లాటు బాగుంది, పునాది బాగుంది, నీళ్లకి మూత ఉంది, వేడికి థర్మోస్టాట్ ఉంది, అవన్నీ నిజమే. కానీ మనం పీల్చే గాలి, మన ఎర్రమట్టి, నెత్తిన ఉన్న ఓజోను, ఇవి ముందే ఉన్నవి కావు, ముందు దిగిన అద్దెవాళ్లు కట్టుకున్నవి, అది కూడా మన కోసం కాదు, వాళ్ల తిండి గోలలో వాళ్లుండగా అయిపోయినవి. ఎవరో కొలిచి పెట్టినట్టు ఎందుకు అనిపిస్తుందంటే, కుదరని చోట్ల అడిగేవాళ్లు లేరు. శుక్రుడి మీద ఫ్యామిలీ గ్రూపులు లేవు. ఉండుంటే అక్కడా ఎవరో ఒక మామ, 460 డిగ్రీలకి ఒక్క డిగ్రీ తగ్గినా మనం బతకం అని ఫార్వర్డ్ పెట్టేవాడు.

ఈ ఏర్పాటు కూడా ఎల్లకాలం ఉండదు. సూర్యుడి వెలుగు వంద కోట్ల ఏళ్లకి సుమారు పది శాతం చొప్పున పెరుగుతోంది. ఇంకో వంద కోట్ల ఏళ్లకి గాదంకి పైనున్న ఆ చల్లటి మూత నిలబడదు, సముద్రాలు శుక్రుడి దారి పడతాయి. థర్మోస్టాట్ తగ్గించడానికి అప్పటికి గాల్లో వాయువు పెద్దగా మిగిలి ఉండదు.

రాసింది మామకే ముందు పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, గంటసేపు సమాధానం లేదు, కోపం వచ్చిందేమో అనుకున్నాను. తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది. "అంతా చదివినా నైనా. బాగుంది. మా తోటలో మోటారు పైపుల్లో కూడా ఆ తెల్లది కట్టుకుని నీళ్లు సన్నగా వస్తా ఉండాయి. దానికి ఎన్ని నిమ్మకాయలు కావాలి?"

నిమ్మకాయలొద్దు మామా, కిరాణా కొట్లో నిమ్మఉప్పు అడుగు, కిలో తెచ్చుకో అన్నాను.